కీళ్ల నొప్పులన్నీ ఒక్క వాతం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మా ఇంటికి వచ్చిన దినపత్రిక మడతలో ఒక పసుపుపచ్చ కరపత్రం కనిపించింది. ఎలాంటి కీళ్లవాతమైనా 40 రోజుల్లో సమూలంగా పోతుందని, ఆపరేషన్ అవసరం లేదని, పథ్యం కూడా లేదని అందులో పెద్ద అక్షరాలతో అచ్చువేసి, నెలకు రెండు రోజులు పట్టణంలోని ఒక లాడ్జిలో మందు ఇస్తామని రాశారు. మా వీధికి పాలు తెచ్చే ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుంటూ, "అక్కా, ఇది నిజమేనంటావా?" అని అడిగింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 31 సంవత్సరాలు స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఆమెకు నా మాట మీద నమ్మకం. నిజం కాదని ఆమెకు చెప్పాను గానీ, ఎందుకు కాదో గుమ్మంలో నిలబడి చెప్పగలిగే విషయం కాదది. ఆమెలాగే అడగాలనుకునేవారు మీ పాఠకుల్లో ఎందరో ఉంటారని తలచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కరపత్రంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ‘ఎలాంటి’ అన్నదే. మన వైపు మోకాలు నొచ్చినా, వేళ్లు వాచినా, నడుము పట్టేసినా, కాలి బొటనవేలు ఎర్రబడినా ‘వాతం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. కీళ్లను పట్టే వ్యాధులు 100కు పైగా ఉన్నాయని వైద్యశాస్త్రం లెక్కగట్టింది. వాటిలో కొన్ని వయసుతో వస్తాయి, కొన్ని ఒంట్లోని రక్షణశక్తి దారి తప్పడం వల్ల వస్తాయి, కొన్ని రక్తంలో పేరుకున్న పదార్థం వల్ల, మరికొన్ని క్రిముల వల్ల వస్తాయి. ఒకదానికి అమృతమైన మందు మరొకదానికి పనికిరాదు, ఒక్కోసారి హాని చేస్తుంది. మన పాత వైద్యులు కూడా వీటిని ఒక్కటిగా చూడలేదు. ఆయుర్వేదంలో సంధివాతం వేరు, ఆమవాతం వేరు, వాతరక్తం వేరు. లక్షణాలూ చికిత్సా దేనికవే చెప్పారు. ఈనాటి అరుగుదల జబ్బు, రుమటాయిడ్, గౌట్ అనే మూడింటినీ వాటితో పోల్చి చెప్పేవారున్నారు. ఆ పోలిక ఎంతవరకు సరిపోతుందో పండితులు చర్చించుకోవచ్చు గానీ, ముందు తరాలవారు మూడు పేర్లతో విడదీసి చూపిన జబ్బులను మనం మళ్లీ ఒకే మూటగా కట్టేశామన్నది మాత్రం నాకు బాధ కలిగించే విషయం.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఆస్టియో ఆర్థ్రయిటిస్, అంటే జనం ‘గుజ్జు అరిగింది’ అని చెప్పుకునేది. కీలు దగ్గర ఎముకల చివర్లను నున్నటి మృదులాస్థి కప్పి ఉంచుతుంది. దానికి రక్తనాళాలు లేవు గనుక దెబ్బతింటే చర్మం మానినట్లు మానదు. ఏళ్లు గడిచేకొద్దీ అది పలచబడి, పగిలి, కింద ఉన్న ఎముక గట్టిపడి, అంచుల్లో మొలకలు వేస్తుంది. చుట్టూ ఉన్న పొరా, కండరాలూ కూడా ఆ బాధలో పాలుపంచుకుంటాయి. వయసు, అధిక బరువు, ఎప్పుడో తగిలిన పాత దెబ్బ, వంశపారంపర్యం, స్త్రీలలో ముట్లుడిగిన తర్వాతి దశ, వీటన్నిటికీ ఇందులో భాగముంది. వాటితోపాటు పనికి కూడా భాగముందని మన జిల్లాలవారికి ప్రత్యేకంగా చెప్పాలి. వేరుశనగ చేలో పొద్దంతా గొంతుక్కూర్చుని కలుపు తీసి, చెట్లు పీకాక మళ్లీ గొంతుక్కూర్చునే కాయలు ఒలిచిన ఆడవాళ్లనూ, తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు మోసినవాళ్లనూ, ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి జీవితం గడిపినవాళ్లనూ నేను ఆసుపత్రి వరండాలో వేలసార్లు చూశాను. మోకాళ్లు పూర్తిగా మడిచి గంటల తరబడి కూర్చోవడం, బరువులు ఎత్తడం మోకీలు అరుగుదలకు దారితీస్తాయని పరిశోధనలు స్పష్టంగానే చెబుతున్నాయి. ఆ పనులు మానుకోమని సలహా ఇవ్వడం సులభం. కూలి మానుకుని తినేదేమిటన్న ప్రశ్నకు జవాబు చెప్పలేనివాళ్లం ఆ సలహా ఇవ్వకూడదు. కానీ చిన్న పీట వేసుకుని కూర్చుంటే మోకాలి మీద పడే ఒత్తిడి తగ్గుతుంది, అర్ధగంటకొకసారి లేచి నాలుగడుగులు వేస్తే కీలు పట్టేయదు. ఈ మాటలు చేలోకి చేరితే చాలు.

ఈ జబ్బు విషయంలో జనం డబ్బు పోగొట్టుకునేది గుజ్జు పెంచే మాత్రల మీద. అరిగిన మృదులాస్థిని తిరిగి పెంచుతుందని నిరూపణ అయిన మాత్ర ఇప్పటివరకు ఏదీ లేదు. పైసా ఖర్చు లేని వ్యాయామమే వాటికంటే మేలు చేస్తుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలిని నిటారుగా చాపి, తొడ కండరం బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించడం, రెండు కాళ్లకూ పదేసి సార్లు, రోజుకు రెండు పూటలు చేయాలి. తొడ కండరం బలపడితే మోకాలి భారాన్ని అది పంచుకుంటుంది. బరువు ఎక్కువున్నవారు ఒక్క కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని కొలిచి చూశారు. చేతికర్రను నొప్పి ఉన్న వైపు కాక ఎదుటి వైపు చేత పట్టుకోవాలన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఇవన్నీ చేసినా నడక సాగనివారికి మోకీలు మార్పిడి ఉంది. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వం మోకీలు ఇంప్లాంట్ల ధరలకు పరిమితి విధించింది కనుక, బిల్లులో ఆ పరికరం ధర విడిగా ఎంత వేశారో చూపించమని అడిగే హక్కు రోగికి ఉంది.

ఇక రెండవది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. దీని గురించి రాయడానికి నాకు చేయి ఆడదు, ఎందుకంటే ఇది మా ఇంటి కథ. మా పెద్దక్క శింగనమల మండలంలోని ఒక పల్లెలో కాపురం ఉంటుంది. 2006లో రాయలసీమ అంతటా చికున్‌గున్యా జ్వరాలు ఊళ్లకు ఊళ్లను మంచం పట్టించినప్పుడు ఆమెకు కూడా వచ్చింది. అప్పటికి ఆమె వయసు 41. జ్వరం పోయింది గానీ వేళ్ల కణుపులూ మణికట్లూ వాచి ఉండిపోయాయి. చికున్‌గున్యా నొప్పులు నెలల తరబడి ఉంటాయని అందరూ అన్నారు. అది అబద్ధమేమీ కాదు. కొందరికి అవి ఏడాదికి మించి కూడా ఉంటాయి. కాబట్టి నేనూ అదే అన్నాను. రెండేళ్లపాటు అదే అంటూ వచ్చాను. ఈలోగా ఆమె ఊళ్లో వైద్యం చేసే ఒకాయన దగ్గర వారానికొక సూది వేయించుకునేది, వేయించుకున్న మూడు రోజులు పనికి పోయేది, నాలుగో రోజు మళ్లీ పడుకునేది. 2008 ఉగాదికి మా ఇంటికి వచ్చి ఓళిగలు తట్టబోయి, అరచేయి చాపలేక, పిండి ముద్ద అలాగే పట్టుకుని ఏడ్చింది. అప్పుడు ఆమె చేతులు వెలుతురులోకి తెచ్చి చూశాను. వేళ్లు చిటికెనవేలి వైపుకు ఒరిగిపోయి ఉన్నాయి. ఉంగరం రాకపోతే కంసాలి చేత కోయించాల్సి వచ్చింది. రోజూ రోగుల చేతులు పట్టుకుని నాడి చూసే దాన్ని, తోడబుట్టినదాని చేతిని రెండేళ్లు చూడలేదు.

బెంగళూరులో కీళ్లవ్యాధుల నిపుణుడు చూసి జబ్బు పేరు చెప్పారు. మన ఒంటిని కాపాడవలసిన రక్షణవ్యవస్థ శత్రువును పోల్చుకోలేక కీలు లోపలి పొర మీద దాడి చేయడమే ఈ జబ్బు. ఆ పొర ఉబ్బి, పెరిగి, మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. పురుషులకంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది, అదీ ఎక్కువగా ఇల్లూ పొలమూ రెండూ మోసే నడివయసులో. పొగతాగే అలవాటు ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. ఇది కీళ్లతో ఆగదు. రక్తహీనత తెస్తుంది, ఊపిరితిత్తులనూ, కళ్లనూ, గుండెనూ కూడా తాకుతుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో సరైన మందు మొదలుపెడితే కీళ్లు వంకర పోకుండా చాలామందిని కాపాడవచ్చునని ఆ డాక్టరు చెప్పినప్పుడు, మేము పోగొట్టుకున్న 24 నెలలూ నా కళ్లముందు నిలిచాయి. అక్క వ్యాధి మందులతో అదుపులోకి వచ్చింది. ఒరిగిన వేళ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఈ రెండు జబ్బులనూ ఇంట్లోనే కొంతవరకు వేరుచేసి చూడవచ్చు. అరుగుదల నొప్పి పని చేసేకొద్దీ, మెట్లు దిగేకొద్దీ పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది; పొద్దున లేవగానే కీళ్లు పట్టేసినా మామూలుగా అర్ధగంటలోపే సడలుతాయి. రుమటాయిడ్‌లో తెల్లవారి లేచినప్పటి బిగువు గంటకు మించి ఉంటుంది, కదిలేకొద్దీ కాస్త తేలికపడుతుంది; వాపు సాధారణంగా రెండు చేతులకూ ఒకే తీరున, పిడికిలి బిగిస్తే పైకి కనిపించే కణుపుల్లోనూ, నడిమి కణుపుల్లోనూ, మణికట్లలోనూ ఉంటుంది. గోటి దగ్గరి కణుపులు గట్టిగా బుడిపెలు కట్టడం ఎక్కువగా అరుగుదల లక్షణం. గాజులు తొడుక్కోలేకపోతున్నారా, జడ అల్లుకోలేకపోతున్నారా, చెంబు జారిపోతోందా అని ఇంట్లో ఆడవాళ్లను అడిగేవారు లేరు. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మూడవది గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో పేరుకోవడం వల్ల వస్తుంది. చాలాసార్లు అర్ధరాత్రి వేళ కాలి బొటనవేలి మొదట్లో మొదలవుతుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుడుతుంది. నడివయసు మగవారికి ఎక్కువ. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికీ, రక్తపోటుకు నీరుపోయే మాత్రలు వాడేవారికీ కూడా రావచ్చు. మద్యం, ముఖ్యంగా బీరు, వేటమాంసం, కార్జం వంటివి దీన్ని పెంచుతాయి. పప్పు, టమోటా, పాలకూర తింటే వస్తుందని భయపడి సంగటిలోకి ఉత్త కారం నంజుకునేవారిని చూశాను. పప్పులూ ఆకుకూరలూ గౌట్‌ను పెంచుతున్నట్లు పరిశోధనల్లో తేలలేదు. అలాగే వంకాయ, గోంగూర మానేసినందువల్ల అరుగుదల గానీ రుమటాయిడ్ గానీ తగ్గవు. పైగా పరీక్షలో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ కనిపించినంత మాత్రాన అది గౌట్ కాదు, నొప్పి లేస్తున్న సమయంలో అది మామూలుగా కనిపించినంత మాత్రాన గౌట్ కాకుండానూ పోదు.

యువకుల నడుము నొప్పిని ఎవరూ వాతమనరు. ‘డిస్కు జారింది’ అంటారు. కానీ 45 ఏళ్లలోపు మొదలై, మూడు నెలలు దాటి, తెల్లవారుజామున నిద్ర లేపేసి, పడుకుంటే పెరిగి, నడిస్తే తగ్గే నడుము నొప్పి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. ఏళ్లు గడిస్తే వెన్ను వెదురుబొంగులా బిగుసుకుపోతుంది. ఇందులో మధ్యమధ్య కన్ను ఎర్రబడి నొప్పి పెట్టడం కూడా ఉంటుంది, దాన్ని వేరే జబ్బుగా భావించి కంటి చుక్కలతో సరిపెట్టుకుంటారు. పిల్లలకు కీళ్లవ్యాధులు రావన్నది మరో అపోహ. పొద్దున లేచి కుంటుతూ, మధ్యాహ్నానికి ఆడుకునే బిడ్డను ‘బడికి ఎగ్గొట్టడానికి నటిస్తోంది’ అనకుండా ఒకసారి మోకాలు తడిమి చూడాలి. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఒక కీలు తర్వాత మరో కీలు వాచితే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్ల వాపు దానంతటదే తగ్గిపోతుంది, గుండె కవాటాలు మాత్రం దెబ్బతిని ఉండిపోవచ్చు. వీటన్నిటిలో ఒక్కరోజు కూడా ఆగకూడనిది ఒకటుంది. చలిజ్వరంతో ఒకే కీలు వేడెక్కి, వాచి, కదపడానికి వీలు కాకపోతే లోపల చీము పట్టి ఉండవచ్చు, అందులోనూ షుగరు ఉన్నవారిలో. ఆ కీలుకు పసరు కట్టడం, మర్దన చేయడం, వాతలు పెట్టించడం ప్రాణాల మీదికి తెస్తాయి.

మన జిల్లాలకే సంబంధించిన మరొక మాట. అనంతపురం జిల్లాలో బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న గ్రామాలు చాలా ఉన్నాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉండకూడదన్నది ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో చేరి, సంధుల చుట్టూ ఉన్న స్నాయువులు సున్నంలా గట్టిపడి, మెడా నడుమూ తిరగవు, మోకాళ్లు వంగవు. దక్షిణ భారతంలో ఈ వ్యాధిని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి వైద్య పత్రికల్లో రాశారు. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక మన జిల్లాలో ఎన్నో ఊళ్లకు మంచినీరు అందింది. ఆ మేలును ఎవరూ మరువలేరు. అయినా కుళాయి రాని రోజుల్లో మళ్లీ బోరునీళ్లే తాగుతున్నారు. అలాంటి ఊళ్లో ఉన్నవారు ‘వాతం’ అని వచ్చినప్పుడు, మందు రాసేముందు ఏ నీళ్లు తాగుతున్నారని అడగడం, పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయేమో చూడడం, ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించడం పెద్ద పని కాదు. ఈ రోగికి నొప్పి మాత్రల కంటే ముందు కావలసింది నీళ్ల మార్పిడి.

మందుల విషయంలో రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. ఒకటి స్టెరాయిడ్. అది చెడ్డ మందు కాదు, నిపుణుల చేతిలో ప్రాణాలు నిలిపే మందు. కానీ ఏ పేరూ లేని పొట్లాల్లోనూ, వారం వారం వేసే సూదుల్లోనూ అది చేరినప్పుడు రోగికి ఒక్కరోజులో నొప్పి పోయి, ఆ మందు ఇచ్చినవాడు దేవుడిలా కనిపిస్తాడు. ఆరు నెలలకు మొహం ఉబ్బుతుంది, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారుతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. నెలల తరబడి వాడినదాన్ని ఉన్నట్టుండి ఆపేసినా ప్రమాదమే, కాబట్టి ఇది చదివి భయపడి ఎవరూ తమంతట తాము ఆపవద్దు. వాడిన పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెండవది మెథోట్రెక్సేట్. రుమటాయిడ్‌కు మొదటగా ఇచ్చే మంచి మందు అదే. దాన్ని వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాలి, వేరే రోజున ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి, మధ్యమధ్య రక్తపరీక్ష, కాలేయ పరీక్ష చేయించుకోవాలి, గర్భం దాల్చాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి. చీటీలో రాసింది అర్థం కాక రోజూ వేసుకుని, నోరంతా పుండ్లతో, రక్తకణాలు పడిపోయి వార్డుకు వచ్చిన ఒక పెద్దావిడను నేను నా చేతులతో చూసుకున్నాను. ఆమె బతకలేదు. అందుకే ఆ మాత్రల పెట్టె మీద వేసుకోవలసిన రోజు పేరు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసివ్వమని మందుల షాపువారిని చేతులు జోడించి అడుగుతున్నాను.

చివరగా మీకూ, అధికారులకూ కొన్ని విన్నపాలు. కీళ్లవాతాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో ఈ జబ్బు పేరు ఉంది. పత్రిక మడతలో కరపత్రాలు పెట్టేది మీరు కాకపోవచ్చు, ఏజెంట్లే కావచ్చు, అయినా పత్రికతో కలిసి గడప దాటిన కాగితానికి పాఠకుడు పత్రిక మీదున్న నమ్మకమే ఇస్తాడు. ఏజెంట్లకు ఒక్క మాట చెప్పండి. ఆశా కార్యకర్తలూ ఏఎన్ఎంలూ ఇప్పటికే బీపీ, షుగరు చూడడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ‘పొద్దున లేచాక కీళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయి, వేళ్లకు వాపు ఉందా’ అన్న రెండు ప్రశ్నలు వారి పుస్తకంలో చేర్చితే, అక్కలాంటివారు మూడో నెలలోనే తేలుతారు. అలాగే జిల్లా ఆసుపత్రుల్లో వారానికి ఒక్కరోజైనా కీళ్లవ్యాధుల నిపుణుడి ఓపీ నడిపితే, కూలి పోగొట్టుకుని బెంగళూరుకో హైదరాబాదుకో రైలెక్కే బాధ పేదవారికి తప్పుతుంది.

ఈ ఉత్తరం సగం రాశాక, మరునాడు పొద్దున పాలు తెచ్చిన ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. వేళ్లు ఎంతసేపటికి వదులవుతాయని అడిగితే, "రెండు బర్రెల పాలు పిండి ముగించేదాకా ముడవవక్కా, ఈ మధ్య పిండేది నా కొడుకే" అంది. చేతి కణుపులను రెండు వైపుల నుంచి మెల్లగా అదిమితే చేయి లాక్కుంది. ఎన్నాళ్లుగా అంటే దసరా నుంచి అంది, అంటే ఇంకా నాలుగు నెలలు నిండలేదు. కరపత్రం ఆమె కొంగున అలాగే ఉంది. సోమవారం ఓపీకి తోడు వస్తానని చెప్పి, దాన్ని అడిగి తీసుకున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
అనంతపురం.